చిటికెనవేలంత ఇనుము

"ఆ తాడు దాటేవంటే నా మీద ఒట్టే లోవా," అంది తలుపులమ్మ.

లోవమ్మ చేతిలో అన్నం కంచం ఉంది. అన్నం మీద చిన్నచేపల పులుసు. వరండాకీ పెరట్లోని వలల పాకకీ మధ్య, కొబ్బరిచెట్టు నుంచి కుళాయి గొట్టం దాకా, నైలాను తాడు బిగించి ఉంది. తాడుకి అవతల, పాకలో నులకమంచం మీద, ఎడమపక్కకి ఒత్తిగిలి పెదబాబు పడుకుని ఉన్నాడు. కుడి తుంటి మీద అరచేతంత పుండు. కట్టు కట్టినా తడి పైకి కనిపిస్తోంది.

నిన్న సాయంత్రం రాజమండ్రి ఆసుపత్రి నుంచి తనంతట తనే లేచి వచ్చేశాడు. ఇతనుంటే మేం ఉండమని వార్డులో పక్క మంచాలవాళ్ళు గొడవ చేశారు. ఒక ముసలాయన సెలైను స్టాండు పట్టుకుని బయటికే నడిచాడు. అది చూసి పెదబాబు చొక్కా తొడుక్కున్నాడు. హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే అంబులెన్సు ఈ మధ్యాహ్నం ఇంటికే వస్తుంది. ఆ లోపు కొడుకుని ఎక్కడ పడుకోబెట్టాలన్న ప్రశ్నకి తలుపులమ్మ చెప్పిన సమాధానం ఈ తాడు.

"కంచం పెట్టేసి వచ్చేత్తాను అత్తా. ముట్టుకోను."

"కంచం ప్రసన్నగాడొచ్చి తోత్తాడు. నువ్వు కడుపుతో ఉన్నదానివి. ఆరేళ్ళకి నిలిచిన కడుపే అది."

"మరి అప్పుడు నన్నూ కూర్చోబెట్టావు కదా. ఏడు రోజులు. ఎనిమిదో రోజు లోపలికి రానిచ్చావు. ఈయనకి ఎన్ని రోజులో చెప్పు."

తలుపులమ్మ గోడకి అంటించిన కాగితం వైపు చూసింది. రెండేళ్ళ కిందట లోవమ్మ గొంతు దగ్గర థైరాయిడ్ వాచి, రాజమండ్రి క్యాన్సరాసుపత్రిలో రేడియేషన్ ఉన్న అయోడిన్ మందు తాగించినప్పుడు ఇచ్చిన కాగితం అది. వేరే మంచం, వేరే కంచం, వేరే దొడ్డి, చిన్నపిల్లలూ గర్భిణులూ దగ్గరికి రాకూడదు. తలుపులమ్మకి చదువు రాదు. చిన్నకొడుకు ప్రసన్నకుమార్ ఒక్కసారి చదివి వినిపిస్తే అక్షరం పొల్లుపోకుండా గుర్తు పెట్టుకుంది. సంతలో చేపలమ్మే మనిషికి ఒకసారి విన్న మాట మరుపు రాదు.

"అమ్మ చెప్పింది నిజమే లోవా," అన్నాడు పెదబాబు పాకలోంచి. "రావద్దు. నీకూ బిడ్డకీ నేను చేసింది చాలు."

"నువ్వేం చేశావు మావా?"

"ముక్క తెచ్చింది నేనే కదా. జేబులో ఏసుకు తిరిగింది నేనే. ఆ రాత్రి నీ పక్కనే పడుకున్నాను."

లోవమ్మ కంచం తాడు కింద నేల మీద పెట్టి, గుమ్మంలో చతికిలబడింది. పులుసు చల్లారిపోయింది. పెదబాబు లేచి రాలేడు, ఈమె వెళ్ళకూడదు. మొగుడికి ఇంత అన్నం పెట్టలేకపోవడం కంటే పెద్ద అవమానం ఆ క్షణాన ఆమెకి మరొకటి తోచలేదు.

మొన్న గురువారం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. ఆ రోజు ఆఫీసర్లు టిక్కుటిక్కుమనే పెట్టెలు పట్టుకొచ్చి, పాకలో వలకి కట్టే సీసం గుళ్ళ డబ్బాలోంచి చిటికెనవేలంత ఇనుపముక్కని పొడుగాటి పట్టకారుతో తీసుకుపోయారు. గ్యాసు పైపుల అతుకులు సరిగ్గా ఉన్నాయో లేదో ఫొటో తీసే యంత్రంలోంచి జారిపోయిన, రేడియేషన్ చిమ్మే ముక్కట. నాలుగు వారాల కిందట, కడియం అవతల పైపులైను కందకం తవ్వుతుంటే పెదబాబుకి దొరికింది. నున్నగా ఉంది, మెరుస్తోంది, వలకి బరువుగా కట్టుకోవచ్చు అనుకుని రోజల్లా ప్యాంటు జేబులో వేసుకుని, సాయంత్రం తల్లి చేతికిచ్చాడు. ఏటి మీద బతికేవాడు ఇనుపముక్క కనిపిస్తే వదలడు. అందులో తప్పేముంది?

మోటారుసైకిలు చప్పుడైంది. ప్రసన్నకుమార్ వెనక కూర్చుని తబిత వచ్చింది. రెండేళ్ళ కిందట లోవమ్మకి మందు కొలిచి ఇచ్చింది ఈవిడే. డాక్టరు కాదు, ఆసుపత్రిలో రేడియేషన్ లెక్కలు చూసే ఉద్యోగం. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా తలుపులమ్మకి ఆవిడ డాక్టరమ్మే. భుజాన ఒక సంచి, చేతిలో ఒక కవరు.

తబిత తాడు దగ్గర ఒక్క క్షణం ఆగింది. గోడ మీది కాగితం చూసింది. తర్వాత వంగి తాడు కింద నుంచి దూరి, పాకలోకి వెళ్ళి, పెదబాబు మంచం పట్టె మీద కూర్చుని, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"అమ్మగారూ, వద్దండి," అంది తలుపులమ్మ. "మీకూ పిల్లలున్నారు."

"ఉన్నారండి. ఇద్దరు. ఇటు రండి, ఇది వినండి."

సంచిలోంచి మీటరు తీసి ముందు పెరటి గాలిలో పట్టుకుంది. టిక్కు. కాసేపాగి టిక్కు. తర్వాత పెదబాబు గుండె మీద, చేతుల మీద, పుండు కట్టు మీద పట్టుకుంది. అదే టిక్కు, అదే ఆగడం.

"తేడా ఏమన్నా ఉందా తలుపులమ్మగారూ?"

"లేదండి."

"ఈయన ఒంట్లో ఏమీ లేదు. ఈయన నుంచి ఎవరికీ ఏమీ రాదు. పొయ్యికి మరీ దగ్గరగా కూర్చుంటే ఒళ్ళు కాలుతుంది. అంతమాత్రాన కాలినవాడు పొయ్యి అయిపోడు కదండీ."

"మరి ఆ కాయితం?"

తబిత గోడ వైపు తిరిగింది. "ఆ కాగితం రాసింది నేనే. ఏ మందుకో పైన రాయలేదు. అది నా తప్పు. లోవమ్మ తాగింది అయోడిన్. అది లోపలికి వెళ్ళి గొంతు దగ్గర గ్రంథిలో కూర్చుంటుంది. చెమటలో, ఉమ్ములో, ఒంటేలులో బయటికొస్తుంది. అందుకే వేరే కంచం, వేరే దొడ్డి. ఈ ముక్క ఈయన లోపలికి వెళ్ళలేదు. బయట నుంచే కాల్చింది. అది పోయిన రోజే కాల్చడం ఆగిపోయింది. జరిగిన దెబ్బే ఇప్పుడు మెల్లగా బయటపడుతోంది."

పెదబాబు మొహం అటు తిప్పుకున్నాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఎవరో అతని చెయ్యి పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరగడం వదిన చూస్తుందేమోనని ప్రసన్నకుమార్ అడ్డంగా నిలబడ్డాడు.

"మేడంగారూ, ఒక మాట," అన్నాడు ప్రసన్నకుమార్. "ఊళ్ళో మా చేప ఎవరూ కొనట్లేదండి. ఏట్లో నీళ్ళన్నీ విషం అయిపోయాయంటున్నారు. గాలి పీల్చినా ఎముకల్లోకి పోద్దంట."

"అలాంటి రకాలూ ఉన్నాయి. ఊరు పూర్తిగా అబద్ధం చెప్పడం లేదు. కొన్నిటి కిరణాలు ఒక కాగితం అడ్డం పెట్టినా దాటలేవు, చర్మం కూడా దాటలేవు. కానీ వాటి పొడి ఊపిరిలోనో తిండిలోనో లోపలికి పోతే ఊపిరితిత్తుల్లో కూర్చుని ఏళ్ళ తరబడి తినేస్తుంది. ఇంకొన్ని సున్నం లాగా ఎముకలో కలిసిపోతాయి. అవి మూలుగలో రక్తం పుట్టే చోటునే పాడు చేస్తాయి. ఇంకో రకం ఒంట్లో ఉన్న కండంతటికీ పాకుతుంది. మీకు దొరికింది పొడి కాదు. ఉక్కు గొట్టంలో మూసేసిన ముక్క. అది పగల్లేదు, ఏటికేమీ అంటలేదు. చేపలు శుభ్రంగా తినొచ్చు. ఎవరన్నా అడిగితే నా ఫోన్ నెంబరివ్వు."

"పగిలుంటే?"

"పగల్లేదు ప్రసన్నా. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు."

లోవమ్మ తాడు దాకా వచ్చింది. నిజానికి ఈ మూడు రోజులూ ఆమె కడుపులో దాచుకున్న భయం ఇంకొకటుంది. మొగుడి ముందు, అత్త ముందు అడగలేనిది.

"మరి నేను తాగిన మందండి? అది లోపల కూర్చుంటదన్నారు. ఇప్పుడు బిడ్డకి..."

"లేదమ్మా. అది ఎనిమిది రోజులకోసారి సగమైపోతుంది. సగంలో సగం, దాంట్లో సగం. రెండేళ్ళయింది. నీలో దాని జాడ కూడా లేదు. ఆ బెంగ ఇవాళే వదిలెయ్యి."

లోవమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. చిక్కేమిటంటే, మంచి మాట చెప్పిన మనిషి మొహంలో మంచి కనిపించలేదు. తబిత కవరు విప్పలేదు. రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"లోవమ్మా, గురువారం నీ రక్తం తీశారు కదా. తెల్లకణాలు బాగా తక్కువ వచ్చాయి. మళ్ళీ చేయించాను. మళ్ళీ అంతే."

తబిత తలుపులమ్మ వైపు తిరిగింది.

"తలుపులమ్మగారికీ బాగుంది, ప్రసన్నకీ బాగుంది. ముక్క డబ్బాలో సీసం గుళ్ళ మధ్య పడింది. సీసం చాలావరకు ఆపేసింది. అది మీ అదృష్టం. లోవమ్మ పడుకునేది వరండా పక్క గదిలో. డబ్బా ఇక్కడ, ఇరవై గజాల దూరం. ఇంత దూరం నుంచి ఇంత దెబ్బ తగలదు. పెదబాబు నుంచి రాదని ఇందాకే చూశారు. అంటే ఆ ముక్క కొన్నాళ్ళు లోవమ్మకి దగ్గరగా ఉంది. ఎక్కడుంది, ఎన్నాళ్ళుంది? నాకు నిజం కావాలి. అప్పుడే బిడ్డ సంగతి చెప్పగలను."

"సాయంత్రం ఇంటికి రాగానే అమ్మకిచ్చానండి," అన్నాడు పెదబాబు. "ఆ రోజే డబ్బాలో పడేసిందంట."

"ఆ రోజేనా తలుపులమ్మగారూ?"

"ఆయ్," అంది తలుపులమ్మ.

ఆ 'ఆయ్' చాలా చిన్నగా వచ్చింది. రేవులో నలుగురి మీద గెలిచే గొంతు అది. రొయ్య పచ్చిదా పాతదా అన్న తగువులో కొన్నవాడి చేత డబ్బుతో పాటు క్షమాపణ కూడా చెప్పించుకున్న గొంతు. లోవమ్మ తలెత్తి అత్త వైపు చూసింది.

"అత్తా."

తలుపులమ్మ కుళాయి గొట్టానికి కట్టిన తాడు ముడి విప్పసాగింది. ముడి ఇంకా బిగుసుకుంది.

"అత్తా, నా వైపు చూడు."

"కత్తి తీసేశావు కదే," అంది తలుపులమ్మ, ముడి వైపే చూస్తూ. "మూడో నెల్లో తలగడ కింద పాత కత్తి పెట్టాను. నిద్దట్లో గుచ్చుకుంటే ఏంటి అని తీసి గూట్లో పడేశావు. చెప్తే నవ్వావు. కడుపుతో ఉన్నపిల్ల ఇనుం లేకుండా పడుకుంటే గాలి సోకుద్దని మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ చెప్పింది. నా మంచం కిందా ఉండేది. నేనిద్దర్ని కన్నాను."

"ఇనుం..." అన్నాడు పెదబాబు.

"నువ్వు తెచ్చిన ముక్క నున్నగా ఉంది. గుచ్చుకోదు. తలగడ కుట్టిప్పి, దూది మధ్యన పెట్టి, మళ్ళీ కుట్టేశాను. దానికి తెలీకుండా."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ సామెత చెప్పుకుని నవ్వుకునే రోజులు ఆ ఇంటికి అయిపోయాయి. తలుపులమ్మని మూర్ఖురాలని తిట్టడం మనకి చాలా తేలిక. ఆవిడ ఆ బిడ్డ మీద పెట్టుకున్న ప్రాణం చూసినవాళ్ళకి మాత్రం నోరు పెగలదు.

పెదబాబు మోచేతి మీద లేవబోయి, నొప్పికి మళ్ళీ వాలిపోయాడు.

"మూడు రోజుల్నించి నా వల్లే బిడ్డకి ఏదో అయిపోద్దని ఏడుత్తున్నానే అమ్మా. నువ్వు తాడు కట్టి చూత్తా కూచున్నావా?"

"నీ వల్లే అయుంటాదనుకున్నానురా. దేవుడి తోడు. నేను పెట్టింది రక్షకే కదా, అదెందుకు చేత్తాది అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను."

"ఆఫీసర్లడిగితే చెప్పొచ్చు కదా."

"చెప్తే ఇది నా మొహం చూత్తాదా?"

ఆ ప్రశ్న లోవమ్మకి. లోవమ్మ వెనక్కి నడిచి గుమ్మం పట్టుకుని నిలబడింది, అంతే.

తబిత గొంతు పెంచకుండా అడిగింది. "ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు? సరిగ్గా గుర్తు చేసుకుని చెప్పండి."

"అమావాస్య ఎల్లిన పాడ్యమి నాడు కుట్టాను. పంచమి నాడు పొద్దున్నే ఇప్పేశాను. దానికి వాంతులెక్కువైపోయాయి. ఇనుం పడలేదేమో అనిపించింది. తీసి గుళ్ళ డబ్బాలో పడేశాను."

"నాలుగు రాత్రులు."

"ఆయ్. నాలుగే."

"పగలు మంచం మీద పడుకునేదా?"

"లేదండి. పగలు నాతో పాటే రేవుకొచ్చేది. తలగడ గదిలోనే ఉండేది."

తబిత కవరు వెనక వైపు లెక్క వేసింది. మధ్యలో లేచి గదిలోకి వెళ్ళి మంచం చూసింది. జేబులోంచి టేపు తీసి తలాపి నుంచి నడిమి దాకా కొలిచింది. లోవమ్మ ఎత్తు అడిగి రాసుకుంది. ఆమె రాస్తున్నంతసేపూ ప్రసన్నకుమార్ ఆ కలం ములికినే చూస్తూ నిలబడ్డాడు. తలుపులమ్మ పెదవులు కదులుతున్నాయి. ఏ దేవతకి ఏం మొక్కుకుందో ఆవిడకే తెలియాలి.

"ఆ ముక్క పాతది. బలం చాలా తగ్గిపోయింది. కొత్తదైతే మనం ఈ మాటలు మాట్లాడుకునేవాళ్ళం కాదు," అంది తబిత చివరికి. "ఇందులో దూరమే అంతా. దూరం రెట్టింపైతే దెబ్బ సగం కాదు, నాలుగో వంతవుతుంది. దూది మధ్యలో ఉంది కాబట్టి లోవమ్మ తలకి నాలుగైదు అంగుళాలు. తలకి గట్టిగానే తగిలింది. జుట్టు ఊడొచ్చు, మళ్ళీ వస్తుంది. కళ్ళు ఏటా చూపించుకోవాలి. రక్తం కుదుటపడటానికి నెలలు పడుతుంది. బిడ్డ మాత్రం తలగడకి రెండడుగుల పైన దూరంలో ఉంది. అక్కడికి చేరింది తక్కువ. నాలుగో నెల బిడ్డకి మెదడు కట్టుకునే రోజులు, అందుకే నా గుండె ఆగినంత పనైంది. లెక్క ప్రకారం మాత్రం ప్రమాదపు గీతకి ఇవతలే ఉన్నాం. పెద్ద డాక్టర్లు ఇంకోసారి చూడాలి. అయినా ఆశ పెట్టుకోవచ్చండి."

తలుపులమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెదబాబు పైకి చూస్తూ రెండు చేతులూ జోడించాడు. ప్రసన్నకుమార్ తాడుని జేబుకత్తితో తెంపేశాడు. అన్నం కంచం తీసుకెళ్ళి అన్న పక్కన పెట్టి, "తిను," అన్నాడు. ఆ ఇంటి మీద మూడు రోజుల తర్వాత కాస్త గాలి ఆడినట్టయింది. పెదబాబు ముద్ద కలిపాడు కూడా.

"లోవా, రా," అన్నాడు. "ఇప్పుడు రావొచ్చంట."

లోవమ్మ రాలేదు.

"ఆ పంచమి నాకు గుర్తుందండి," అంది. ఎవరితో చెబుతోందో తెలియనట్టు మాట్లాడింది. "పొద్దున్న మొహం కడుక్కుని వచ్చేసరికి తలగడ కుట్టు తెల్లదారం కాస్తా నల్లదారం అయింది. అత్త చిరుగు కుట్టిందేమో అనుకున్నాను."

"సరే అమ్మా," అంది తబిత. "తారీకు సరిపోయింది."

"అది కాదండి." లోవమ్మ చెయ్యి కడుపు మీదికి పోయింది. "మీరు తలకి లెక్క కట్టారు. ఆ రోజుల్లో నేను తల కింద తలగడ పెట్టుకోలేదండి. కడుపులో తిప్పేసేది. ఏదో ఒకటి గట్టిగా అదిమి పట్టుకుంటే తగ్గేది. రాత్రల్లా ఆ తలగడే పొట్టకి హత్తుకుని పడుకున్నాను."

పెదబాబు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"నాలుగు రాత్రులూనా?" అంది తబిత.

"నాలుగూ."

తబిత లేచి దగ్గరికి వచ్చింది. లోవమ్మ అడగకుండానే కుచ్చిళ్ళ పక్కన చీర కొద్దిగా కిందికి జరిపింది. బొడ్డుకి ఎడమ పక్కన, చర్మం రాగిరేకు రంగుకి తిరిగి, అంచు వెంట పొలుసు లేస్తోంది.

"దురద వత్తే కడుపు సాగుతోంది కదా, అందరికీ ఇంతే అంది మా అమ్మ. కొబ్బరినూనె రాసుకున్నాను."

తబిత ఆ మచ్చని ముట్టుకోలేదు. చేతిలోని కవరు రెండుగా మడిచింది, మళ్ళీ మడిచింది. రోడ్డు మీద నుంచి అంబులెన్సు హారను వినిపించింది. మలుపులో కడియం నర్సరీ మొక్కల లారీ అడ్డంగా ఉన్నట్టుంది, ఆగకుండా మోగుతోంది.

"ప్రసన్నా, డ్రైవరుకి ఫోన్ చెయ్యి," అంది. "పేషెంటు ఒక్కరు కాదు, ఇద్దరని చెప్పు."

"ముగ్గురమండి," అంది లోవమ్మ. తబిత కళ్ళలోకి సూటిగా చూస్తూ నిలబడింది. "ముగ్గురమే కదండీ?"

తబిత సంచి భుజానికి తగిలించుకుని, లారీ పక్కకి తీయించడానికి రోడ్డు వైపు నడిచింది.